ఉక్కులో కార్బైడ్ కలిపి లేజర్‌తో ప్రింట్ చేయడం: పొడి డబ్బా నుంచి అరుగుదల పరీక్ష దాకా

పూడిక తీసే పంపు ఇంపెల్లర్ (నీటిని తోసే రెక్కల చక్రం) రిపేరుకి వచ్చినప్పుడు దాని రెక్క అంచుని ఒకసారి వేలితో తడిమి చూడండి. కొత్తగా ఉన్నప్పుడు బొటనవేలంత మందం ఉన్న రెక్క బ్లేడులా పలచబడి, అక్కడక్కడా రంపంలా తేలి ఉంటుంది. ఇసుక, ఉప్పునీరు కలిసి చేసిన పని అది. విశాఖలో ఇలా అరిగిపోయే ఇనుముకి కొదవ లేదు. పోర్టులో డ్రెడ్జర్ పంపులు, స్టీల్ ప్లాంటులో సింటరూ (కాల్చి ముద్ద కట్టించిన ఇనుప ఖనిజం) కోకూ జారే చూట్లు (వాలు దారులు), షిప్‌యార్డుకి వచ్చే ఓడల షాఫ్ట్ స్లీవులు అన్నీ ఆ బాపతే. అందుకే గాజువాక ఆటోనగర్‌లో హార్డ్‌ఫేసింగ్, అంటే అరిగే చోట గట్టి లోహపు పొర వెల్డ్ చేయడం తెలిసిన మేస్త్రీకి ఎప్పుడూ గిరాకీ ఉంటుంది.

హార్డ్‌ఫేసింగ్‌లో గట్టిదనం పైపొరకే వస్తుంది. ఆ పొర అరిగితే మళ్ళీ మొదటికే. అలా కాకుండా స్టెయిన్‌లెస్ స్టీల్ పొడిలోనే కార్బైడ్ లాంటి గట్టి సిరామిక్ కణాలు కలిపి, లేజర్‌తో పొర మీద పొర కరిగించి భాగం మొత్తాన్నీ తయారు చేస్తే గట్టిదనం లోపలి దాకా ఉంటుంది. ఈ మార్గదర్శి దాని గురించే. లేజర్ పౌడర్ బెడ్ మెషిన్ (పొడిని పలచటి పొరలుగా పరిచి లేజర్‌తో కరిగించేది) అందుబాటులో ఉన్న ఎం.టెక్ విద్యార్థులు, పరిశోధకులు, షాపు ఇంజనీర్లు మొదటి బ్యాచ్ ఎలా చేయాలో వరసగా చెబుతాను. వివరాల్లోకి వెళ్ళేముందు ఒక మాట. ఈ పనిలో సగం ఫలితం లేజర్ వెలగకముందే, పొడి దగ్గరే తేలిపోతుంది. అందుకే ఈ మార్గదర్శిలో కూడా సగం పొడి గురించే ఉంటుంది. మెషిన్ సెట్టింగుల కోసం వచ్చినవాళ్ళు కాస్త ఓపిక పట్టాలి.

1. ఏ ఉక్కు, ఏ కణం

మొదటిసారి చేసేవాళ్ళు 316ఎల్ స్టెయిన్‌లెస్ స్టీల్‌తో మొదలుపెట్టండి. కార్బన్ 0.03 శాతం లోపు, క్రోమియం 16–18 శాతం, మాలిబ్డినం 2–3 శాతం ఉండే ఈ ఉక్కు లేజర్‌కి బాగా లొంగుతుంది, సులువుగా పగలదు. ప్రింట్ చేసినవాళ్ళు ఎక్కువ కాబట్టి పోల్చుకోడానికి సమాచారమూ బోలెడు దొరుకుతుంది. గ్యాస్ అటమైజ్డ్ పొడి (కరిగిన లోహాన్ని గ్యాస్‌తో చిమ్మి చేసినది) అనే అడిగి తీసుకోండి. వాటర్ అటమైజ్డ్ చవగ్గా వస్తుంది, కానీ దాని రేణువులు గరుకుగా, వంకరగా ఉంటాయి, పరచడానికి పనికిరావు. సైజు 15–45 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు).

కణాల విషయంలో తికమక ఎక్కువ. గట్టిగా ఉంటే చాలు కదా అని టంగ్‌స్టన్ కార్బైడ్ వేస్తారు. అది కరిగిన ఇనుములో కొంత కరిగిపోయి, ఇనుము–టంగ్‌స్టన్–కార్బన్ కలిసిన పెళుసు కార్బైడ్లని పుట్టిస్తుంది. సాంద్రత ఘన సెంటీమీటరుకి 15.6 గ్రాములు, ఉక్కుకి దాదాపు రెట్టింపు కాబట్టి అడుగుకి కూడా దిగుతుంది. సిలికాన్ కార్బైడ్ ఇనుముతో చర్య జరిపి సిలిసైడ్లుగా మారుతుంది, పగుళ్ళు తెస్తుంది. అల్యూమినా రసాయనికంగా మంచిదే కానీ కరిగిన ఉక్కు దాన్ని తడపదు. తామరాకు మీద నీటిబొట్టు సంబంధం వాటిది. కణం చుట్టూ ఖాళీ మిగిలిపోతుంది, లేదా చిట్టెంలా పైకి తేలిపోతుంది. టైటానియం డైబోరైడ్‌లో బోరాన్ ఇనుముతో తక్కువ ఉష్ణోగ్రత దగ్గరే కరిగే మిశ్రమం చేస్తుంది కాబట్టి శాతం పెరిగితే పగుళ్ళ భయం ఉంటుంది.

నా ఓటు టైటానియం కార్బైడ్‌కి. 3,000 డిగ్రీలు దాటితే గానీ కరగదు, సాంద్రత 4.93, ఉక్కు దీన్ని ఓ మాదిరిగా తడుపుతుంది. ఒక మైక్రాన్ తరంగదైర్ఘ్యం ఉన్న ఫైబర్ లేజర్ వెలుగుని ఉక్కు పొడి కంటే బాగా పీల్చుకుంటుంది కూడా. భీమిలి తీరంలో నల్ల ఇసుక చూసే ఉంటారు. అందులో ఉండే ఇల్మనైట్ అంటే ఇనుమూ టైటానియమూ ఆక్సిజనూ కలిసిన ఖనిజం. మనం ఇంత కష్టపడి కలపబోయే జంట మన ఇసుకలో ఎప్పుడో కలిసే ఉంది.

టైటానియం కార్బైడ్ సైజు 1–5 మైక్రాన్ల మధ్య తీసుకోండి. నానో కణాలతో గ్రెయిన్ (లోహం లోపలి స్ఫటికం) సన్నబడుతుంది, ఫలితాలు ఊరిస్తాయి, నిజమే. కానీ నానో పొడి ఉండలు కట్టకుండా కలపడం వేరే విద్య. ముందు ఇథనాల్‌లో అల్ట్రాసోనిక్‌తో విడగొట్టి, తర్వాత ఆరబెట్టాలి. అది రెండో బ్యాచ్ సంగతి.

2. ఎంత కలపాలి

బరువులో 3 శాతం దగ్గర మొదలుపెట్టండి. కిలో మిశ్రమానికి 970 గ్రాముల ఉక్కు పొడి, 30 గ్రాముల కార్బైడ్. చూడ్డానికి చిటికెడులా ఉంటుంది కానీ కార్బైడ్ తేలిక కాబట్టి ఘనపరిమాణంలో ఎక్కువే వస్తుంది. లెక్క చేసి చూద్దాం.

100 గ్రాముల మిశ్రమంలో కార్బైడ్ 3 గ్రాములు. 3 ÷ 4.93 = 0.61 ఘన సెంటీమీటర్లు. ఉక్కు 97 గ్రాములు. 97 ÷ 7.98 = 12.16 ఘన సెంటీమీటర్లు. మొత్తం 12.77. అంటే కార్బైడ్ ఘనపరిమాణంలో 4.8 శాతం. మిశ్రమం సైద్ధాంతిక సాంద్రత 100 ÷ 12.77, దాదాపు 7.83.

ఈ 7.83ని నోట్‌బుక్‌లో పెద్దగా రాసి చుట్టూ గీత గీయండి. దీని అవసరం చివర్లో పడుతుంది, అప్పటికి అందరూ మరిచిపోతారు.

5 శాతం దాటాక పొడి సరిగా జారదు, కరిగిన లోహం చిక్కబడుతుంది, పగుళ్ళు మొదలవుతాయి. 10 శాతం వేసి గట్టిదనం రెట్టింపు చేద్దామనే ఉత్సాహం ప్రతి కొత్తవాడికీ ఉంటుంది. నాకూ ఉండేది.

3. ఎండబెట్టడం: వైజాగ్‌లో దీన్ని దాటేస్తే అంతే

నా మొదటి బ్యాచ్ ఆగస్టులో పాడైంది. ల్యాబ్ పేరు అనవసరం. పొడి డబ్బా మూత తీసి, తూకం వేసి, కలిపి, మధ్యాహ్నం మెషిన్‌లో పోశాం. ఏసీ పనిచేస్తోంది కదా, ఇంకేం భయం అనుకున్నాం. యాభై పొరలు దాటేసరికి పొడి పరుపు మీద పొడుగాటి గీతలు పడ్డాయి, ముగ్గు వేసిన వాకిట్లో ఎవరో చీపురు ఈడ్చినట్టు. పొడి ఉండలు కట్టి, పొడిని పరిచే రీకోటర్ బ్లేడు వాటిని ఈడ్చుకుపోతోంది. ఆపేసి, ప్లేటు తీసి, ప్రింట్ చేసిన పరీక్ష ఘనాలని కోసి చూస్తే లోపల సూదిమొనలంత గుండ్రటి బుడగలు.

ఆ ముక్కని జేబులో వేసుకుని ఇంపెల్లర్ పని మీద ఆటోనగర్ వెళ్ళినప్పుడు అక్కడి వెల్డింగ్ మేస్త్రీకి చూపించాను. కళ్ళద్దాలు పైకి తోసి, దాన్ని వెలుగులో అటూ ఇటూ తిప్పి, ఒకే ప్రశ్న వేశాడు. ‘‘ఏటి బాబూ, ఎండెట్టేరా లేదా? తడి రాడ్డుతో ఎల్డింగు సేత్తే బుడగలు రావేటి?’’

7018 రకం వెల్డింగ్ రాడ్డుని 300 డిగ్రీల పైన ఓవెన్‌లో కాల్చకుండా వాడకూడదని ఆయనకి ముప్ఫై ఏళ్ళుగా తెలుసు. లక్షల రూపాయల మెషిన్ ముందు నిలబడిన మాకు అది తట్టలేదు. సముద్రం పక్కన మన గాలిలో తేమ ఏడాది పొడవునా ఎక్కువే. ఏసీ గదిలో కొంత తగ్గినా, డబ్బా మూత తీసిన అరగంటలో సన్నటి పొడి తన వాటా పీల్చుకుంటుంది. ఆ తేమ రెండు రకాలుగా దెబ్బ తీస్తుంది. రేణువులని ఒకదానికొకటి అంటిస్తుంది. లేజర్ కింద ఆవిరై, విడిపోయి, బుడగలనీ ఆక్సైడ్‌నీ మిగులుస్తుంది.

పద్ధతి ఇది. పొడిని స్టీల్ ట్రేలో సెంటీమీటరు మందం దాటకుండా పరచండి. వాక్యూమ్ ఓవెన్‌లో 100–120 డిగ్రీల దగ్గర నాలుగు గంటలు ఉంచండి. ఉక్కుకి, కార్బైడ్‌కి వేర్వేరు ట్రేలు. వేడిగా ఉండగా తలుపు తీయకండి. వాక్యూమ్‌లోనే చల్లారనిచ్చి, ఆర్గాన్ నింపి, అప్పుడు బయటికి తీయండి. వేడి పొడిని బయట పెడితే చల్లారుతూ మళ్ళీ తేమ పీల్చుకుంటుంది, పడిన పాట్లు వృథా. తర్వాత బిగుతు మూత ఉన్న డబ్బాలో సిలికా జెల్ సంచీతో భద్రపరచండి. వానాకాలంలో ఎండబెట్టిన రోజే కలిపేయడం మేలు. తుపాను హెచ్చరిక ఉన్న రోజు అసలు డబ్బా మూతే తీయొద్దని నా సలహా.

ఇక్కడే జాగ్రత్తలు కూడా. ఈ పొడిలో నికెల్, క్రోమియం ఉన్నాయి, ఊపిరితిత్తుల్లోకి వెళ్ళకూడదు. గుడ్డ మాస్కు చాలదు. కనీసం ఎన్95, వీలైతే పీ100 ఫిల్టర్ ఉన్న రెస్పిరేటర్ పెట్టుకోండి. నైట్రైల్ గ్లవ్స్ తొడుక్కోండి. మామూలు వ్యాక్యూమ్ క్లీనర్‌తో పొడి పీల్చకండి. స్టాటిక్ నిప్పురవ్వ చాలు, సన్నటి లోహపు దుమ్ము అంటుకోడానికి. దానికోసం చేసిన ఎర్తింగ్ ఉన్న క్లీనర్లు వేరే ఉంటాయి.

4. కలపడం: పులిహోర సూత్రం

పులిహోర కలిపేటప్పుడు ఏం చూస్తాం? ప్రతి మెతుక్కీ పసుపు, పులుపు అంటాలి, ఒక్క మెతుకూ చితకకూడదు. సరిగ్గా అదే ఇక్కడ కావాల్సింది. 30 మైక్రాన్ల గుండ్రటి ఉక్కు రేణువు మెతుకు, 2 మైక్రాన్ల కార్బైడ్ పసుపు. ప్రతి ఉక్కు గుండు చుట్టూ కార్బైడ్ కణాలు అంటుకోవాలి, కానీ గుండు గుండుగానే ఉండాలి. గుండ్రదనం పోతే పొడి జారదు, జారకపోతే పొర పరవలేం.

ప్లానెటరీ బాల్ మిల్ (గుండ్లు వేసి పొడిని తిప్పే యంత్రం) ఉన్నవాళ్ళు చేసే తప్పు ఇక్కడే. పది భాగాల బాల్స్‌కి ఒక భాగం పొడి వేసి, 300 ఆర్‌పీఎం దగ్గర రాత్రంతా తిప్పి వదిలేస్తారు. పొద్దున్నే మైక్రోస్కోప్ కింద చూస్తే ఉక్కు గుండ్లన్నీ అటుకులైపోయి ఉంటాయి. మిశ్రమం చాలా బాగా కలిసి ఉంటుంది, కానీ ప్రింట్ చేయడానికి పనికిరాదు.

డబ్బాని అన్ని వైపులా తిప్పుతూ మెల్లగా కలిపే టర్బ్యులా మిక్సర్ ఉంటే అదే వాడండి. బాల్ మిల్ మాత్రమే ఉంటే బాల్స్, పొడి బరువులు ఒకటికొకటిగా, మహా అయితే రెండుకొకటిగా వేయండి. వేగం 100–150 ఆర్‌పీఎం, మొత్తం నాలుగు గంటలు. పదిహేను నిమిషాలు తిప్పి ఐదు నిమిషాలు ఆపండి, పొడి ఉన్న జార్ వేడెక్కకూడదు. బాల్స్ స్టెయిన్‌లెస్ స్టీల్‌వి అయితే అరిగి కలిసినా మిశ్రమం మరీ మారిపోదు. జార్‌లో గాలి తీసేసి ఆర్గాన్ నింపడం మరవకండి.

ప్రతి గంటకీ చిటికెడు పొడి తీసి చూడండి. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ దగ్గర వరస దొరకదు కాబట్టి నాటు పద్ధతి ఒకటి చెబుతాను. తెల్ల కాగితం మీద పొడి వేసి గాజు స్లైడుతో తేలిగ్గా నొక్కి ఈడ్చండి. నల్లటి చారలు కనిపిస్తే కార్బైడ్ ఉండలు ఇంకా విడలేదని అర్థం. ఒకే బూడిదరంగు వస్తే మిశ్రమం దారిలో పడినట్టే. అది పరీక్ష కాదు, ఓ అంచనా. ఖాయం చేసేది మైక్రోస్కోపే.

5. పొడి జారుతోందా

ముగ్గు వేసే ఆడవాళ్ళకి ఈ పరీక్ష నేర్పక్కర్లేదు. వేళ్ళ సందుల్లోంచి సన్నటి ధారగా, తెగకుండా జారితే మంచి పిండి. ముద్దలుగా పడితే పక్కన పెడతారు. ల్యాబ్‌లో దాన్నే హాల్ ఫ్లో మీటర్ అంటారు. 50 గ్రాముల పొడి 2.5 మిల్లీమీటర్ల రంధ్రం గుండా జారడానికి ఎన్ని సెకన్లు పడుతుందో చూస్తారు. కలపకముందు ఉక్కు పొడికి ఒకసారి, కలిపాక ఒకసారి చేసి పోల్చండి. కొంచెం నెమ్మదించడం సహజం. అసలు జారకుండా గరాటులో ఆగిపోతే తిరిగి మూడో అంచెకి.

దీంతో పాటు హౌస్నర్ నిష్పత్తి కూడా చూడండి. వదులుగా పోసిన పొడి సాంద్రత, తట్టి కుదించాక సాంద్రత, రెండోదాన్ని మొదటిదానితో భాగించడమే. వదులుగా 4.2, తట్టాక 4.9 వస్తే నిష్పత్తి 1.17, నిశ్చింతగా పోయొచ్చు. 1.25 దాటితే ఆలోచించాలి. 1.4 దాకా వస్తే ఆ పొడిని మెషిన్‌లో పోసి రీకోటర్‌తో కుస్తీ పట్టకండి.

6. మెషిన్ సంగతి

మెషిన్ ఎవరిది అన్నది ముందు తేల్చుకోండి. పెదగంట్యాడ దగ్గర మెడ్‌టెక్ జోన్‌లో 3డీ ప్రింటింగ్ సదుపాయం ఉంది కదా అని అడగబోతారేమో. శరీరంలో పెట్టే భాగాలు చేసే మెషిన్‌లో కార్బైడ్ పొడి ఎవరూ వేయనివ్వరు, వేయనివ్వకపోవడమే న్యాయం. పరిశోధనకి కేటాయించిన మెషిన్ కావాలి. కాలేజీలో లేకపోతే హైదరాబాద్ బాలాపూర్‌లో పౌడర్ మెటలర్జీ మీదే పనిచేసే ఏఆర్‌సీఐ లాంటి సంస్థలని సంప్రదించండి. మెషిన్ వాడాక చాంబర్, ఫిల్టర్, గొట్టాలు అన్నీ శుభ్రం చేయడానికి ఒక రోజు పడుతుందని ముందే చెప్పేయండి. చెప్పకుండా వాడితే రెండోసారి రానివ్వరు.

ఖరీదైన పొడి కాబట్టి చిన్న బిల్డ్ ప్లేటు (భాగం పైన లేచే పలక) అమర్చే ఏర్పాటు ఉంటే పెట్టించండి. ప్లేటు కూడా 316ఎల్‌దే అయితే మంచిది. హీటర్ ఉంటే 200 డిగ్రీల దాకా వేడి చేయండి, పగుళ్ళు తగ్గుతాయి. రీకోటర్‌కి గట్టి స్టీల్ బ్లేడు బదులు సిలికాన్ రబ్బరు బ్లేడు నయం. ఎక్కడైనా ఘనం అంచు లేస్తే రబ్బరు సర్దుకుపోతుంది, స్టీల్ అయితే ఢీకొని ఆగిపోతుంది.

గ్యాస్ ఆర్గాన్ మాత్రమే. ఉత్త 316ఎల్‌కి చాలామంది నైట్రోజన్ వాడతారు, చవక కూడా. కానీ టైటానియానికి నైట్రోజన్ అంటే మహా ఇష్టం. కరిగిన చోట నైట్రైడ్ పుట్టుకొస్తే మీరు కొలిచేది ఏ కణం బలమో మీకే తెలీదు. ఆక్సిజన్ 1,000 పీపీఎం (పది లక్షల్లో వెయ్యి వంతులు) కిందికి దిగాకే మొదలుపెట్టండి, ఇంకా తగ్గితే ఇంకా మంచిది. ఆర్గాన్ గాలికన్నా బరువు, రంగూ వాసనా లేదు, నేల మట్టంలో పేరుకుంటుంది. గదిలో ఆక్సిజన్ మీటరు 19.5 శాతం కిందికి చూపిస్తే ఏం జరిగిందా అని చూస్తూ నిలబడకండి, బయటికి రండి.

7. సెట్టింగులు

నాలుగు అంకెలతో ఆట ఇది. లేజర్ పవర్, స్కాన్ వేగం, గీతకీ గీతకీ దూరం (దీన్నే హ్యాచ్ అంటారు), పొర మందం. వీటిని కలిపి శక్తి సాంద్రత లెక్కేస్తారు. పవర్‌ని మిగతా మూడింటి లబ్ధంతో భాగించడమే. 200 వాట్లు, సెకనుకి 800 మిల్లీమీటర్లు, హ్యాచ్ 0.1 మిల్లీమీటరు, పొర 0.04 మిల్లీమీటరు తీసుకుంటే 200 ÷ 3.2 = 62.5 జౌల్స్, ఘన మిల్లీమీటరుకి.

పవర్ 200 వాట్ల దగ్గర, పొర 0.04 దగ్గర ఆపేసి, వేగాన్ని 600, 800, 1,000 గా, హ్యాచ్‌ని 0.08, 0.10, 0.12 గా మార్చండి. మూడు మూళ్ళు తొమ్మిది, సెంటీమీటరు భుజం ఉన్న తొమ్మిది ఘనాలు. అదే ప్లేటు మీద చేసే వీలుంటే బాగుండేది కానీ, ఉత్త 316ఎల్ ఘనాలు విడిగా అదే మెషిన్‌లో అవే సెట్టింగులతో చేసుకోవాలి. లేకపోతే కార్బైడ్ వల్ల ఏం మారిందో చెప్పలేరు. ప్రతి పొరకీ స్కాన్ దిశని 67 డిగ్రీలు తిప్పండి. గీతలు మళ్ళీ అదే దిశకి రావడానికి చాలా పొరలు పడుతుంది, అందుకే ఆ వింత అంకె.

కార్బైడ్ ఉన్న కరుగు చిక్కగా ఉంటుంది, పాకం ముదిరినట్టు. సరిగా పారక ముత్యాల్లా గుండ్లు కడుతుంది. కాబట్టి ఉత్త ఉక్కుకి చాలిన శక్తి దీనికి చాలకపోవచ్చు. అలాగని శక్తి గుమ్మరిస్తే కార్బైడ్ అంచులు కరిగి, చల్లారేటప్పుడు వేరే ఆకారాల్లో మళ్ళీ పుడుతుంది, కణాలు గుంపులు కడతాయి. సరైన చోటు ఈ రెంటి మధ్యలో ఎక్కడో ఉంటుంది, మీ తొమ్మిది ఘనాలే దాన్ని చూపించాలి. ఒక హెచ్చరిక: శక్తి సాంద్రత ఒకటే అయినా ఫలితం ఒకటే కాదు. 100 వాట్లతో నెమ్మదిగా, 200 వాట్లతో రెట్టింపు వేగంగా వెళ్తే లెక్కలో అంకె మారదు, కరుగు గుంట లోతు మారిపోతుంది. వేరేవాళ్ళ అంకె తెచ్చి మీ మెషిన్‌లో పెట్టకండి.

మొదటి పది పొరలూ కిటికీ దగ్గర్నుంచి కదలకండి. ప్లేటు ఏటవాలుగా ఉంటే తెలిసేది అప్పుడే. తర్వాత టీకి వెళ్ళొచ్చు. కరెంటు పోతే ప్లేటు చల్లారి, మళ్ళీ మొదలుపెట్టిన చోట భాగం నడుమ గీత మిగులుతుంది. యూపీఎస్ మెషిన్ మొత్తానికీ ఉందో, కంప్యూటర్‌కి మాత్రమే ఉందో ముందే అడగండి. 2014 హుద్‌హుద్ నాటి చీకటి రోజులు చూసినవాళ్ళం కాబట్టి అక్టోబరు, నవంబరుల్లో రెండు రోజుల బిల్డ్ పెట్టాలంటే నాకు ఇప్పటికీ టెన్షనే.

భాగం పెద్దదైతే, లేక అరిగిన ఇంపెల్లర్ మీదే లోహం నింపాలంటే పౌడర్ బెడ్ కుదరదు. నాజిల్‌లోంచి పొడి ఊదుతూ కరిగించే డీఈడీ పద్ధతి కావాలి. దానికి 45–150 మైక్రాన్ల పొడి వాడతారు. అక్కడ కలిపి పోయడం కన్నా ఉక్కుకి ఒక హాపర్, కార్బైడ్‌కి ఒక హాపర్ పెట్టడం మంచిది. తేలిక పొడి, బరువు పొడి ఒకే గొట్టంలో గ్యాస్‌తో ప్రయాణిస్తూ దారిలోనే విడిపోతాయి.

8. తీయడం, కోయడం, చూడటం

ప్రింట్ అయ్యాక చాంబర్ పూర్తిగా చల్లారాకే తెరవండి. ఫిల్టర్‌లో చేరిన నల్లటి మసి మామూలు దుమ్ము కాదు, గాలి తగిలితే తనంతట తాను రాజుకునే రకం. మెషిన్ మాన్యువల్‌లో చెప్పినట్టే తీయాలి, సొంత తెలివి వద్దు. ఘనాలని వైర్ కట్‌తో (సన్నటి తీగ, విద్యుత్ రవ్వలతో కోసే మెషిన్‌తో) ప్లేటు నుంచి వేరు చేయించండి. హ్యాక్సా బ్లేడుతో ప్రయత్నించి చూశాం, కార్బైడ్ పుణ్యమా అని బ్లేడ్ల పళ్ళే రాలాయి.

సాంద్రతకి ఆర్కిమెడిస్ పద్ధతి, అంటే గాలిలో ఒకసారి, నీటిలో ఒకసారి తూచడం. ఘనం గాలిలో 8.412 గ్రాములు, నీటిలో 7.336 గ్రాములు తూగిందనుకోండి. తేడా 1.076. 8.412 ÷ 1.076 = 7.818. మన గదిలో నీళ్ళు 27 డిగ్రీల దగ్గర ఉంటాయి కాబట్టి, ఆ నీటి సాంద్రత 0.9965తో గుణిస్తే 7.79. ఇప్పుడు గీత గీసి పెట్టుకున్న 7.83ని వెతకండి. 7.79 ÷ 7.83 అంటే 99.5 శాతం, చక్కటి ఘనం. మరిచిపోయి ఉత్త ఉక్కు సాంద్రత 7.98తో భాగిస్తే 97.6 శాతం వస్తుంది. లేని బుడగల కోసం వారం రోజులు వెతికి, బాగున్న సెట్టింగుని పారేస్తారు. ఇది జరిగింది, ఒక్కచోట కాదు.

ఆ అంకెని నమ్మి వదిలేయకుండా ఒక ఘనాన్ని నిలువుగా కోసి పాలిష్ చేయించండి. ఇక్కడ ఓపిక కావాలి. బరువుగా నొక్కితే గట్టి కార్బైడ్ కణాలు మెత్తటి ఉక్కులోంచి ఊడి వచ్చేస్తాయి, ఆ గుంటలు బుడగల్లాగే కనిపిస్తాయి. చివరి అంచెల్లో డైమండ్ పేస్టు, తక్కువ బరువు. నిజమైన లోపాలకి వేటి ముఖం వాటికుంటుంది. పొరల మధ్య అడ్డంగా, వంకరటింకరగా ఉండి లోపల కరగని ఉక్కు గుండ్లు కనిపిస్తే శక్తి చాలలేదు. గీత అడుగున లోతుగా, గుండ్రంగా ఉంటే శక్తి ఎక్కువైంది. ఎక్కడపడితే అక్కడ చిన్న చిన్న గుండ్రటి చుక్కలుంటే పొడి తడిగా ఉంది, మేస్త్రీ అడిగిన ప్రశ్న మిమ్మల్ని మీరు వేసుకోండి. నల్లటి కణాలు ఒకే చోట గుంపుగా ఉంటే కలపడంలో తేడా.

గ్రెయిన్లు చూడాలంటే 10 శాతం ఆక్సాలిక్ ఆసిడ్‌లో ఎలక్ట్రోలైటిక్ ఎచింగ్ (కరెంటుతో పైపొరని కొద్దిగా తినిపించడం) సురక్షితం. ఫ్యూమ్ హుడ్ లేని గదిలో ఆక్వారీజియా (నైట్రిక్, హైడ్రోక్లోరిక్ ఆసిడ్ల మిశ్రమం) జోలికి పోకండి.

వేడిచికిత్స గురించి క్లుప్తంగా. 450–850 డిగ్రీల మధ్య ఎక్కువసేపు ఉంచితే గ్రెయిన్ అంచుల్లో క్రోమియం కార్బైడ్ పుట్టి తుప్పుకి దారి తీస్తుంది. 316ఎల్‌లో కార్బన్ తక్కువ కాబట్టి ఆ భయం మామూలుగా తక్కువే, కానీ మనం బయటి నుంచి కార్బైడ్ తెచ్చి కలిపాం, కొంత కరిగి కార్బన్ వదిలి ఉండొచ్చు. కాబట్టి ఆ మధ్య మేరలో నిలపొద్దు.

9. అరుగుదల పరీక్ష

గట్టిదనం ముందు చూడండి. లేజర్‌తో చేసిన ఉత్త 316ఎల్ గట్టిదనం కొలిచే విక్కర్స్ కొలమానంలో సుమారు 220 చూపిస్తుంది. మీ మిశ్రమం పది చోట్ల కొలిస్తే పదిచోట్లా దాని కన్నా పైన ఉండాలి. సగటు కన్నా చెల్లాచెదురు ఎంతుందో చూడటం ముఖ్యం. ఒకచోట 230, పక్కనే 340 వస్తే కణాలు సమంగా పరుచుకోలేదు.

తర్వాత పిన్ ఆన్ డిస్క్ (తిరిగే డిస్కు మీద పిన్నుని రుద్దే పరీక్ష), ఏఎస్‌టీఎం జి 99 ప్రమాణం ప్రకారం. ఉదాహరణకి 20 న్యూటన్ల బరువుతో 1,000 మీటర్లు రుద్దితే 4.7 మిల్లీగ్రాములు పోయిందనుకోండి. దాన్ని సాంద్రత 7.79తో భాగిస్తే 0.60 ఘన మిల్లీమీటర్లు. దాన్ని మళ్ళీ 20,000తో భాగిస్తే న్యూటన్ మీటరుకి 0.00003 ఘన మిల్లీమీటర్లు. పోల్చాల్సింది ఈ అంకెనే, మిల్లీగ్రాములని కాదు. రెండు లోహాల సాంద్రతలు వేరు కదా. ఎదుటి డిస్కుని కూడా తూచండి. మీ పిన్ను అరగకుండా ఎదుటి డిస్కుని దున్నేస్తే పంపులో కేసింగ్ గతీ అంతే.

మన ఊరి పంపు కోసం చేస్తున్నారు కాబట్టి 3.5 శాతం ఉప్పునీటిలో తుప్పు పరీక్ష కూడా చేయండి. వెచ్చటి సముద్రపు నీటిలో ఉత్త 316ఎల్‌కే గుంటల తుప్పు పడుతుంది. కార్బైడ్ కణం చుట్టూ ఉక్కు సరిగా అతుక్కోకపోతే ఆ సందే తుప్పుకి మొదటి ఇల్లు. అరుగుదలలో గెలిచి ఉప్పునీటిలో ఓడిపోయే మిశ్రమాలు ఉంటాయి. ఆ మిశ్రమం చూట్‌కి పనికొస్తుంది, ఇంపెల్లర్‌కి కాదు.

10. మిగిలిన పొడి

కిలో పొడిలో ఘనాలకి పట్టేది కొంచెమే, మిగతాది చాంబర్‌లోనే ఉంటుంది. ఉత్త ఉక్కు అయితే 63 మైక్రాన్ల జల్లెడ పట్టి మళ్ళీ వాడేయొచ్చు. మిశ్రమానికి అది చాలదు. పరిచేటప్పుడు, జల్లెడ పట్టేటప్పుడు, గ్యాస్ గాలికి కొంత కార్బైడ్ విడిపోతుంది. జల్లించాక మళ్ళీ ఎండబెట్టి, అరగంట కలిపి, కార్బన్ శాతం పరీక్ష చేయించాకే వాడండి. డబ్బా మీద స్టిక్కరు అంటించి నాలుగు సంగతులు రాయండి: ఏ పొడి, ఎంత శాతం, ఎన్నోసారి వాడుతున్నారు, ఏ తేదీన ఎండబెట్టారు. పెన్సిల్‌తో వద్దు, మార్కర్‌తో రాయండి. చెమట చేతులకి పెన్సిల్ రాత చెరిగిపోతుంది.